టెక్సస్‌లో ఐస్ స్టార్మ్ అంటే: బియ్యం సంగతి సరే, ముందు పైపుల సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చి ఆరు నెలలైంది, అద్దె ఇల్లు, రెండేళ్ల పాప, ఊరి నుంచి వచ్చిన అత్తమామలు, మామగారికి షుగర్, రోజూ ఇన్సులిన్. స్టవ్ గ్యాస్‌ది, మిగతా ఇల్లంతా కరెంటే. శనివారం రాత్రి నుంచి మంగళవారం దాకా ఐస్ అంటున్నారు, వాల్‌మార్ట్‌లో నీళ్ల బాటిళ్లు, బ్రెడ్ అప్పుడే అయిపోయాయి, ఇంకా ఏమేం కొనాలి?

కొనాల్సింది చాలా తక్కువండి. మేం డాలస్ వైపు వచ్చింది 2010లో. 2011 ఫిబ్రవరిలో ఆర్లింగ్టన్‌లో సూపర్‌బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జరిగిన వారం ఐస్ చూశాం, 2021 చూశాం, 2023 జనవరి చివర్లో వరుసగా రోజుల తరబడి బడులు మూసేసిన ఐస్ కూడా చూశాం. ఇన్నిసార్లలో మా వాళ్లెవరూ ఆకలితో ఇబ్బంది పడింది లేదు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, కందిపప్పు, గోధుమపిండి, రెండు మూడు రకాల పచ్చళ్లు లేని తెలుగిల్లు ఈ ఊళ్లో ఉంటుందా? మనల్ని ఏడిపించేవి రెండే. ఒకటి నీళ్ల పైపు, రెండోది వెచ్చదనం కోసం కంగారులో మనం చేసే పిచ్చి పని. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఒక మాట. న్యూజెర్సీలోనో మిచిగన్‌లోనో ఉన్న మీ ఫ్రెండ్స్ "ఇంతోటి దానికి ఎందుకంత హడావిడి" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. అక్కడ కురిసేది మంచు, ఇక్కడ కురిసేది వాన. ఉత్తరం నుంచి వచ్చిన చల్లగాలి నేలను అంటుకుని పలచగా పరుచుకుంటుంది, గల్ఫ్ వైపు నుంచి వచ్చే తడి వెచ్చగాలి దాని మీదుగా పోతుంది. పైన వానగా మొదలైన చినుకు కింద రోడ్డుకో, కొమ్మకో, కరెంటు తీగకో తగలగానే గడ్డకడుతుంది. తీగలు ఆ బరువుకి తెగుతాయి, కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి. పైగా అక్కడి ఇళ్లు చలికోసం కట్టినవి, ఇక్కడివి ఎండకోసం కట్టినవి. బేస్‌మెంట్ ఉండదు. నీళ్ల పైపులు బయటి గోడల్లోంచి, చాలా ఇళ్లలో అటక మీదుగా పోతాయి. మన ఊళ్లో అటక మీద ఆవకాయ జాడీలు ఉండేవి, ఇక్కడ అటక మీద వాటర్ హీటర్ ఉంటుంది. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్‌కి దిగి కొన్ని గంటలు అలాగే ఉందంటే ఆ పైపులకి గండమే.

2021లో ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది, 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. దానికి ముందురోజు అర్ధరాత్రి దాటాక గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా కరెంటు కోతలు పెట్టమని రాష్ట్ర గ్రిడ్‌ని నడిపే ఎర్కాట్ సంస్థ ఆదేశాలిచ్చింది. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకీ దుకాణాలకీ కరెంటు పోయింది. రాష్ట్రం లెక్కల్లోనే 246 మంది చనిపోయారు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, ఈసారి అంత ఉండకపోవచ్చు. కానీ కరెంటు ఉంటుందన్న నమ్మకంతో మాత్రం ప్లాన్ వెయ్యకండి.

ఇక ఆ 2021లో మా ఇంటి కథ. సోమవారం తెల్లవారుజామున రెండింటికి కరెంటు పోయింది. గంటలో వస్తుందిలే అనుకున్నాం. ముప్పై గంటల్లో ఒక్కసారి, అదీ అరగంట వచ్చి పోయింది. హాల్లో 43 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 6 సెల్సియస్ చూపిస్తోంది థర్మోస్టాట్. కుళాయిలు మాత్రం సన్నగా వదిలి ఉంచాం, ఎవరో చెప్పారు కాబట్టి. బుధవారం కరెంటొచ్చింది, పండగ చేసుకున్నాం, వేడివేడిగా చారు పెట్టుకుని తిన్నాం. గురువారం మధ్యాహ్నం ఎండ కాసింది. ఆ ఎండకే మా డైనింగ్ టేబుల్ పైనున్న లైటు గుంటలోంచి బొట్టు బొట్టు నీళ్లు మొదలయ్యాయి. గ్యారేజీ పక్కన ఎప్పుడూ వాడని సింకుకి అటక మీదుగా ఒక పైపు పోతుంది. ఆ ఒక్క కుళాయి వదలడం మర్చిపోయాం. పైపు పగిలింది మంగళవారమే అయ్యుంటుంది, కానీ లోపల ఐసు బిరడాలా అడ్డంగా ఉన్నంతసేపూ చుక్క కారదు. కరిగాకే కారుతుంది. అందుకే "చలి తగ్గింది, గండం గడిచింది" అని మీరు ఊపిరి పీల్చుకునే రోజే అసలు రోజు.

మా ఆయన మీటరు దగ్గరికి పరుగెత్తారు. ఇంటి ముందు ఫుట్‌పాత్ పక్కన గడ్డిలో నేలకి సమంగా ఒక మూత ఉంటుంది చూడండి, దాని కిందే ఇల్లంతటికీ వచ్చే నీళ్ల వాల్వు. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాం, ఆ మూత ఒక్కసారి తీసి చూసిన పాపాన పోలేదు. అది బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించి తీస్తే లోపల వాల్వు చేతికందదు, కటింగ్ ప్లేయర్‌కి దొరకదు. ఎదురింటి పెద్దాయన, టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, మా అరుపులు విని పొడవాటి ఇనుప తాళంచెవి లాంటిది ఒకటి పట్టుకొచ్చి పది సెకన్లలో తిప్పి కట్టేశారు. ఈలోగా ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. సీలింగుకి వేసిన షీట్‌రాక్ పలక తడిసిన అట్టలా జారి టేబుల్ మీద పడింది. ఆ తర్వాత ప్లంబర్ దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. ఊరు ఊరంతా ప్లంబర్ల కోసమే వెతుకుతోంది మరి. ఆ పదకొండు రోజులూ వంటకి నీళ్లు రెండు వీధుల అవతలి ఫ్రెండు వాళ్లింటి నుంచి బకెట్లతో మోసుకొచ్చాం.

కాబట్టి మీరు ఈ రోజే, వాన మొదలవకముందే చెయ్యాల్సిన మొదటి పని: ఆ మూత తీసి చూడటం. చేతికి గ్లవ్స్ వేసుకోండి, లోపల సాలీళ్లు, చీమలు కాపురం పెట్టి ఉంటాయి. కొన్ని ఇళ్లకి ఫౌండేషన్ దగ్గర ఇంకో చిన్న పెట్టెలో ఇంటివాళ్లకని వేరే వాల్వు ఉంటుంది, అది ఉంటే ఇంకా సులువు. హోమ్ డిపోలోనో లోస్‌లోనో "మీటర్ కీ" అని అడగండి, టీ ఆకారంలో పొడుగ్గా ఉంటుంది, ధర పెద్దగా ఉండదు. ఒకసారి కట్టేసి, కుళాయిలు ఆగాయో లేదో చూసి, మళ్లీ తిప్పండి. మీవారికే కాదు, మీకూ, మామగారికీ కూడా చేతకావాలి. నీళ్లు కారేటప్పుడు ఇంట్లో ఎవరుంటారో ఎవరికి తెలుసు?

తర్వాత బయటి కుళాయిలు. గార్డెన్ పైపు తగిలించి ఉంటే ఊడదీయండి, అందులో నిలిచిన నీరు గడ్డకట్టి వెనక్కి గోడలోకి తన్నుతుంది. కుళాయికి నురుగు డొప్ప లాంటి కవరు దొరుకుతుంది. ఈపాటికి షాపుల్లో అయిపోయి ఉంటే పాత తువ్వాలు నాలుగు చుట్లు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి టేపు వెయ్యండి, అదే చాలు. స్ప్రింక్లర్ ఆపేశారో లేదో, వాటర్ హీటర్ ఎక్కడుందో, ట్యాంకు రకమా, ట్యాంకులేనిదా అన్నది ఓనర్‌ని అడగండి. ఫోన్లో కాదు, మెసేజ్‌లో అడగండి. రేపు ఏదైనా పగిలితే "మీరు చెప్పలేదు, నేను అడగలేదు" అన్న గొడవ ఉండదు. ట్యాంకులేని హీటర్ బయటి గోడకి బిగించి ఉంటే మరీ జాగ్రత్త. దాన్ని గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు కూడా కరెంటుతోనే నడుస్తుంది. కరెంటు పోతే దానికి నీళ్లు కట్టేసి ఖాళీ చెయ్యాలి, ఎలాగో ఓనర్ చేత ముందే చూపించుకోండి.

ఉష్ణోగ్రత పడిపోయే రాత్రి ఇంట్లో ప్రతి కుళాయినీ సన్నగా వదలండి. బొట్లు కాదు, పెన్సిల్ మొనంత సన్నటి ధార. చల్లనీళ్లూ, వేడినీళ్లూ రెండూ. చాలామంది అనుకునేట్టు కదిలే నీరు గడ్డకట్టదని కాదు ఇది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఐసు బిరడాకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి పైపు చీలుతుంది. కుళాయి తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. బయటి గోడకి ఆనుకున్న సింకుల కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచండి, ఇంటి వెచ్చదనం లోపలికి పోతుంది. పాప ఉంది కాబట్టి ముందు ఆ అల్మరాల్లోని క్లీనర్లూ సబ్బులూ పైకి సర్దెయ్యండి. గెస్ట్ బాత్రూమ్, లాండ్రీ సింకు, ఎవరూ వెళ్లని మూల కుళాయి: మా పాఠం గుర్తుందిగా.

కరెంటు పోయి ఇల్లు లోపల చల్లబడిపోతూ ఉంటే, అది ఎప్పుడొస్తుందో తెలియకపోతే, ధారల మీద ఆశ వదిలెయ్యండి. మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలన్నీ పూర్తిగా తెరిచి పైపులు ఖాళీ చెయ్యండి. నీళ్లు లేని పైపు పగిలినా ఇల్లు మునగదు. దీనికి ముందే నీళ్లు పట్టి ఉంచుకోవాలి, అదే మీ అసలు ప్రశ్న. మనిషికి రోజుకి ఒక గ్యాలను, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ అని ఇక్కడ లెక్క. మీరు ఐదుగురు, నాలుగు రోజులు, ఇరవై గ్యాలన్లు. దానికి బాటిళ్లు ఎందుకండీ? కుళాయిలో వచ్చేవీ మంచినీళ్లే. మీ అత్తగారికి చెప్పండి, ఒక్క మాట చాలు. మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో కాపురం చేసిన మనిషికి బిందె, గుండిగ, కుక్కరు, పాలగిన్నె దేన్నీ వదలకుండా నింపడం ఎవరూ నేర్పక్కర్లేదు. శనివారం సాయంత్రానికల్లా అన్నీ నిండాలి. 2021లో కరెంటు వచ్చాక కూడా చాలా ఊళ్లలో నీళ్లు కాచుకుని తాగమన్నారు, కాబట్టి కాస్త ఎక్కువే పట్టండి. బాత్‌టబ్ కూడా నింపండి, ఫ్లష్‌కి పనికొస్తాయి. కానీ రెండేళ్ల పాప ఉన్న ఇంట్లో నిండిన టబ్ ఉంటే ఆ బాత్రూమ్ తలుపుకి పైన గొళ్లెం పడాల్సిందే. గొళ్లెం లేకపోతే టబ్ వద్దు, మూతలున్న డబ్బాల్లో పట్టుకోండి.

ఇప్పుడు రెండో సంగతి, అసలు ఇదే ముందు రాయాల్సింది. ఆ రెండో రాత్రి మా అత్తయ్య అన్నారు, "మా ఊళ్లో చలికాలం కుంపటి పెట్టుకునేవాళ్లం కదే, ఆ వరండాలో ఉన్న పొయ్యి లోపలికి తెచ్చి నాలుగు బొగ్గులు వెయ్యరాదూ" అని. వరండాలో పొయ్యి అంటే బార్బెక్యూ గ్రిల్లు. నిజం చెప్తున్నాను, నేను లేచి తలుపు దాకా వెళ్లాను. చలికి పిల్లలు వణుకుతుంటే బుర్ర పనిచెయ్యదు. మా ఆయన అడ్డుపడ్డారు. మన పెంకుటింట్లో కుంపటి నడిచిందంటే ఆ పెంకుల సందుల్లోంచి, కిటికీ చెక్కల్లోంచి గాలి వస్తూ పోతూ ఉండేది కాబట్టి. అక్కడా తలుపులు బిడాయించుకుని పడుకుని ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. ఇక్కడి ఇల్లు సీసాకి బిరడా పెట్టినట్టు బిగించి కట్టిన ఇల్లు. బొగ్గులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పొగ ఉండదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, చలికి అనుకుని పడుకుంటారు, లేవరు. 2021లో హ్యూస్టన్ వైపు కుటుంబాలు ఇలాగే ఆస్పత్రుల పాలయ్యాయి, ప్రాణాలూ పోయాయి. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి హీటర్ వేసుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. గ్యారేజీ తలుపు తెరిచినా సరే, ఆ పని వద్దు. ఫోన్ చార్జింగ్‌కి కారు కావాలంటే పూర్తిగా బయటికి తీసి అక్కడ పెట్టుకోండి. జెనరేటర్ ఎవరైనా ఇస్తే ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, కిటికీలకి ఎదురుగా కాకుండా. ఈ రోజే స్టూలెక్కి కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, బ్యాటరీ మార్చండి. ఎవరికైనా తల తిప్పుతోందంటే అందరూ బయటికి, ఆ తర్వాతే 911.

మీ గ్యాస్ స్టవ్ సంగతి: కరెంటు లేకపోతే టిక్‌టిక్‌మని వెలగదు కానీ, చాలా స్టవ్‌లు అగ్గిపుల్లతో వెలుగుతాయి. మీది వెలుగుతుందో లేదో శుక్రవారమే ప్లగ్ పీకి చూడండి. వంటకి వాడుకోండి, కిటికీ కాస్త తెరిచి. గది వెచ్చబడాలని నాలుగు బర్నర్లూ వెలిగించి కూర్చోవద్దు. అవెన్ ముట్టుకోనే వద్దు.

మరి చలికి ఏం చెయ్యాలి? అందరూ ఒక్క గదిలోకి చేరండి. ఇంటి మధ్యలో, కిటికీలు తక్కువున్న గది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కండి, కిటికీలకి దుప్పట్లు వెయ్యండి. మేము పిల్లల క్యాంపింగ్ డేరాని పరుపు మీద వేసి ముగ్గురం అందులో పడుకున్నాం, నమ్మరు గానీ బయటికీ లోపలికీ బాగా తేడా తెలిసింది. కరెంటు ఉండగానే ఇల్లు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా పెట్టుకోండి, ఫ్లాస్కుల్లో వేడినీళ్లు నింపుకోండి. పెద్దవాళ్లకి మంకీ క్యాప్, సాక్సులు రెండు జతలు. కొవ్వొత్తులూ దీపారాధనా దుప్పట్ల గదిలో వద్దని మీ అత్తగారికి మెల్లగా చెప్పండి, దేవుడి దగ్గర బ్యాటరీ దీపం పెడితే ఆయనేం అనుకోడు.

మామగారి ఇన్సులిన్: కరెంటు పోయిందనగానే భయపడి ఐసులో పెట్టెయ్యకండి, గ్యారేజీలోనూ పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు, పారెయ్యడమే. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో మామూలు గది వెచ్చదనంలో 28 రోజుల దాకా ఉంటుంది, కాగితం చూసి మీ రకానికి ఎన్ని రోజులో రాసిపెట్టుకోండి. గదే గడ్డకట్టేంత చల్లబడితే పెన్ను ఆయన స్వెటర్ లోపలి జేబులో ఉండాలి. మందులు కనీసం వారానికి సరిపడా రేపటికల్లా తెచ్చుకోండి. ఆదివారం ఫార్మసీ తెరిచినా మీరు వెళ్లలేరు.

తిండి గురించి నాలుగు ముక్కలు. శనివారం పొద్దున్నే పులిహోర కలపండి, చపాతీలు చేసి పెట్టండి, బంగాళాదుంప వేపుడు, కోడిగుడ్లు ఉడకబెట్టండి. పెరుగు, అటుకులు, అరటిపళ్లు, పాపకి పాలు. ఇడ్లీ పిండి రుబ్బకండి, ఆ చలికి పొంగదు. జిడ్డు గిన్నెలు తోమడానికి నీళ్లుండవు కాబట్టి నూనె వంటలు తగ్గించి పేపరు ప్లేట్లు తెచ్చుకోండి. విస్తరాకు బుద్ధి అన్నమాట. కరెంటు పోయాక ఫ్రిజ్ మాటిమాటికీ తెరవకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు ఆగుతుంది.

డ్రైవింగ్ గురించి వాదించను. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 డబ్ల్యూ మీద 130కి పైగా బళ్లు ఒకదాని మీద ఒకటి గుద్దుకుని ఆరుగురు పోయారు. రోడ్డు తడిగా ఉందనిపిస్తుంది, అది ఐసు. వంతెనలు ముందు గడ్డకడతాయి, మన టోల్‌వేల నిండా వంతెనలే. ఆఫీసువాళ్లు రమ్మన్నా వెళ్లొద్దు. కారు అద్దం మీద వేడినీళ్లు పొయ్యొద్దు, పగులుతుంది. గుమ్మం ముందు మెట్లకి కల్లుప్పు చల్లండి, మరీ చలి పెరిగితే ఉప్పు పనిచెయ్యదు, అప్పుడు జారకుండా ఇసుకో, పెంపుడు పిల్లుల కోసం షాపుల్లో అమ్మే లిట్టరో చల్లండి.

ఇంకొకటి, అడగలేదు గానీ చెప్తాను. కరివేపాకు కుండీ, తులసి, మల్లె ఏవైనా వరండాలో ఉంటే శనివారమే లోపలికి తెచ్చెయ్యండి. 2021లో కరెంటు గొడవలో పడి మా కరివేపాకు చెట్టు సంగతే మర్చిపోయాం. తొమ్మిదేళ్ల చెట్టు, నా ఎత్తు ఉండేది. నల్లగా మాడిపోయింది. ఏప్రిల్ దాకా చూశాను, చిగురు రాలేదు.

మీటర్ కీ ఎక్కడా దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, మా ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి, మేముండేదీ ఫ్రిస్కో వైపే. శనివారం మధ్యాహ్నం లోపైతే ఇచ్చి వెళ్తాను. ఆ తర్వాత మాత్రం కారు తియ్యను.